పిత్తాశయం చెప్పిన సాక్ష్యం

మా ఇంటి అలమరలో, మందుల డబ్బా పక్కన ఒక చిన్న గాజు సీసా ఉన్నది. అందులో పదకొండు రాళ్ళు ఉన్నాయి. కొన్ని శనగగింజంత, రెండు మాత్రం కుంకుడు గింజంత. అవి మా అమ్మీ పిత్తాశయం నుండి తీసినవి. ఆపరేషన్ అయిన రోజున నర్సు ఆ సీసాను మా చేతికిచ్చినప్పుడు ఎంతో అపురూపంగా అందుకున్నాము. చూడవచ్చిన బంధువులందరికీ చూపించాము. "ఇన్ని రాళ్ళను కడుపులో పెట్టుకొని ఎలా తిరిగావమ్మా!" అని వారు ఆశ్చర్యపోతుంటే అమ్మీ నవ్వేది. ఆ రాళ్ళను అంత భద్రంగా దాచుకున్న మేమే, అవి ఉండిన పిత్తాశయాన్ని మాత్రం దాదాపుగా చెత్తపాలు చేయబోయాము. ఆ సంగతిని పాఠకులతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

మేము ముగ్గురం తోబుట్టువులం. ఇందులోని పొరపాట్లు ముగ్గురివీ గనుక ముగ్గురి తరఫునా రాస్తున్నాము.

అమ్మీకి అప్పుడు యాభై ఏడేళ్ళు. రంజాన్ పండుగ గడిచిన మూడో రోజు రాత్రి, భోజనం చేసిన గంటకు కుడి డొక్కలో నొప్పి మొదలై వీపు దాకా పాకింది. వాంతులయ్యాయి. పండుగ వంటల వల్ల వచ్చిన అజీర్ణమనుకొని వాము నీళ్ళు తాగించాము. తెల్లవారేసరికి తగ్గింది. నెల తిరగకముందే మళ్ళీ అదే నొప్పి. ఈసారి స్కానింగ్ తీయిస్తే పిత్తాశయం నిండా రాళ్ళున్నాయని, గోడ కొంచెం దళసరిగా ఉన్నదని తేలింది. రాళ్ళను మాత్రమే తీసి పిత్తాశయాన్ని ఉంచితే మళ్ళీ రాళ్ళు వస్తాయని, మొత్తంగా తీసివేయడమే సరైన పద్ధతి అని డాక్టరు గారు చెప్పారు.

పిత్తాశయమంటే కాలేయం కింద అతుక్కొని ఉండే చిన్న తిత్తి. కాలేయంలో తయారయ్యే పైత్యరసాన్ని నిలువజేసి, కొవ్వు పదార్థాలు తిన్నప్పుడు పేగులోకి వదలడం దాని పని. అది లేకపోయినా మనిషి జీవించగలడు. పైత్యరసం కాలేయం నుండి నేరుగా పేగులోకి చేరుతుంది. ఈ తిత్తిని తొలగించే శస్త్రచికిత్సను 1882లో బెర్లిన్ నగరంలో కార్ల్ లాంగెన్‌బుఖ్ అనే వైద్యుడు మొదటిసారిగా చేశాడు. పొట్టను పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా పరికరాలు పంపి తీసే విధానాన్ని 1985లో ఎరిక్ మ్యూహె అనే జర్మన్ సర్జన్ ప్రారంభించాడు. నేడు మన జిల్లా కేంద్రాలలోని ఆసుపత్రులలో సైతం ఇది రోజూ జరిగే ఆపరేషన్. ఉదయం చేరి, మరునాడో మూడో నాడో ఇంటికి వస్తున్నారు. అందువల్లనే దీనిని చిన్న విషయంగా తీసుకోవడం మనకు అలవాటైపోయింది. మేమూ అలాగే తీసుకున్నాము.

ఆపరేషన్ జరిగిన రోజు మధ్యాహ్నం, జుహర్ నమాజు వేళకు థియేటర్ తలుపు తెరుచుకున్నది. సర్జన్ గారు బయటికి వచ్చి "అంతా బాగా జరిగింది" అన్నారు. నర్సు స్టీలు పళ్ళెంలో, పచ్చగా నల్లగా ముడుచుకుపోయిన తిత్తిని చూపింది. పక్కనే రాళ్ళు. మా నోట ఒక్కసారిగా 'అల్‌హమ్దులిల్లాహ్' వెలువడింది. అప్పుడు నర్సు అడిగిన ప్రశ్న మాత్రం మమ్మల్ని కలవరపరిచింది. "బయాప్సీకి పంపుతారా? దానికి విడిగా డబ్బు కట్టాలి."

మాలో ఒకరు వెంటనే "రాళ్ళే కదమ్మా, బయాప్సీ ఎందుకు?" అన్నారు. ఖర్చును గురించిన ఆలోచన ఒకటి. దానికంటే మించినది ఆ మాట పట్ల భయం. మన ఇళ్ళలో బయాప్సీ అనే మాట వినగానే కేన్సరే గుర్తుకు వస్తుంది. అడిగితే లేని జబ్బు వచ్చిపడుతుందేమోనన్నట్లు దానిని ఇంట్లో ఉచ్చరించడానికే జంకుతాము.

అబ్బాజాన్ ఆందోళన వేరు. "మనిషి శరీరంలోని భాగం అది. దానిని ముక్కలుగా కోయించడం ఎందుకు? నాకిచ్చేయండి, మన ఖబ్రస్తాన్‌లో ఒక మూల పూడ్చి వస్తాను" అన్నారు ఆయన. ఆ మాటలో తప్పేమీ లేదు. మానవ శరీరాన్ని గౌరవించాలన్నది మన ధర్మం నేర్పిన సంస్కారమే. ఇంతలో వార్డు బాయ్ "పంపకపోతే పసుపు కవరులో వేసేస్తామండీ" అన్నాడు. ఆసుపత్రులలో శరీర భాగాలను వేసే కవరు పసుపు రంగుది. అక్కడి నుండి అది దహనానికి పోతుంది.

ఆ క్షణంలో మా ఆపా గొంతు విప్పింది. "ఖాలాజాన్‌ది కూడా ఇలాగే అడిగారు. మనమే వద్దన్నాము" అన్నది. ఆమె అంతకుమించి చెప్పనక్కరలేకపోయింది.

మా ఖాలాజాన్ అమ్మీకి పెద్దక్క. అంతకు నాలుగేళ్ళ ముందు వేరొక పట్టణంలో ఆమె పిత్తాశయాన్ని తీశారు. ఆమెకు కొడుకులు లేరు. ఆసుపత్రిలో వెంట ఉన్నది మేమే. పరీక్షకు పంపాలా అని అడిగితే వద్దన్నదీ మేమే. ఏడాదిన్నర గడిచాక ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద, ఆకలి లేదు. కామెర్లనుకొని నాటుమందు పోయించారు. చివరికి పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్తే, కాలేయం దగ్గర, పైత్యనాళం చుట్టూ కేన్సర్ వ్యాపించి ఉన్నదని చెప్పారు. "మొదటి ఆపరేషన్‌లో తీసిన పిత్తాశయం రిపోర్టు ఉందా?" అని అక్కడి డాక్టరు గారు అడిగారు. లేదన్నాము. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ వ్యాధి అప్పటికే తిత్తిలో ఉన్నదో, తరువాత వేరుగా పుట్టిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి ఆ తిత్తి. దానిని మేము పోగొట్టుకున్నాము. నాలుగు నెలలకు ఖాలాజాన్ తన ప్రభువు సన్నిధికి చేరుకున్నది. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిది, ఇందులో సందేహం లేదు. పరీక్ష చేయించి ఉంటే ఆమె బతికేదని మేము అనలేము. బతికేది కాదని కూడా అనలేకపోతున్నాము. అదే మా మనసును కోస్తున్న విషయం.

ఆపా మాటతో అబ్బాజాన్ మౌనం వహించారు. డబ్బు కట్టాము. ఎనిమిది వందల రూపాయలు. అంతకు రెండు రోజుల ముందు, అమ్మీ క్షేమంగా ఇంటికి వస్తే వండించాలని బిర్యానీకి ఇచ్చిన అడ్వాన్సు అంతకంటే ఎక్కువ.

ఆ ఆసుపత్రిలో పరీక్షశాల లేదు. తిత్తిని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, సెలైన్ నీళ్ళు పోసి, మూత బిగించి మా చేతికే ఇచ్చారు. స్కూటర్ మీద ఊరికి ఆ చివరనున్న ల్యాబుకు చేర్చాము. అక్కడి డాక్టరమ్మ డబ్బాను చూడగానే ముఖం ముడుచుకున్నది. "సెలైన్‌లో పెడితే ఎలాగండీ? ఇది ఫార్మలిన్‌లో ఉండాలి. ఎంతసేపయింది తీసి?" అని అడిగింది. రెండు గంటలన్నాము. "ఇంకొంచెం ఆలస్యమైతే లోపలి పొర కరిగిపోయేది" అంటూ వెంటనే తీసుకున్నది.

శరీరం నుండి వేరైన కణజాలం నిమిషాల్లోనే చెడిపోవడం మొదలవుతుందట. పిత్తాశయంలోనైతే పైత్యరసమే లోపలి పొరను తినివేస్తుంది. మనకు తెలియవలసినదంతా ఉండేది సరిగ్గా ఆ పొరలోనే. ఫార్మలిన్ ద్రవం ఆ కుళ్ళుదలను ఆపి, కణాలను ఉన్నవి ఉన్నట్లు నిలిపి ఉంచుతుంది. అవయవం కంటే పదిరెట్ల ద్రవం, వెడల్పు మూతి ఉన్న డబ్బా కావాలి. ఇరుకు డబ్బాలో కుక్కితే మందు లోపలికి దిగదు.

మా ఆందోళనను గమనించి ఆ డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, తరువాత జరిగే పనిని ఓపికగా వివరించింది. ఆమె మొదట తిత్తిని పొడవునా తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి చూస్తుంది. ఎక్కడైనా గోడ దళసరిగా ఉన్నదా, గడ్డ తగులుతున్నదా, రంగు మారిందా అని వెతుకుతుంది. పూర్వం పొట్ట కోసి చేసేటప్పుడు సర్జన్ వేళ్ళకు ఈ స్పర్శ దొరికేది. నేటి రంధ్రాల ఆపరేషన్‌లో చేయి లోపలికి పోదు. అందుచేత ఆ తడిమి చూసే పని ల్యాబు మీద మరింతగా పడుతున్నది. ఆ తరువాత తిత్తి అడుగు భాగం నుండి, నడుమ నుండి, మెడ నుండి, నాళాన్ని కోసిన చివర నుండి చిన్న ముక్కలు తీస్తారు. నీటి తడి పోయేందుకు వాటిని సారాయిలో ముంచి, మైనంలో పోతపోసి గట్టిపరుస్తారు. ఆ మైనపు దిమ్మను ఒక యంత్రం మీద తలవెంట్రుక మందంలో పదో వంతుకంటే పలచని రేకులుగా కోస్తారు. గాజు పలకకు అతికించి రంగులద్దుతారు. ఒకటి నీలి ఊదా రంగు, అది మధ్య అమెరికా ప్రాంతంలో పెరిగే ఒక చెట్టు చేవ నుండి వచ్చినది. మరొకటి గులాబి రంగు. కణాల కేంద్రకాలు ఊదాగానూ, మిగిలినది గులాబీగానూ కనిపిస్తాయి. అప్పుడు ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటుంది.

"సారాయి" అనే మాటకు అబ్బాజాన్ ఉలికిపడ్డారు. "తాగడానికి కాదు కదా, భాయీ" అని డాక్టరమ్మ నవ్వింది. అందరం నవ్వాము. అప్పటికి మేమంతా నవ్విన చివరి సందర్భం అదే.

సాయంత్రం ఇమాము గారి దగ్గరికి వెళ్ళి అబ్బాజాన్ తన సందేహాన్ని చెప్పుకున్నారు. బతికి ఉన్న మనిషి నుండి వేరైన భాగానికి జనాజా నమాజు లేదని, గౌరవంగా పూడ్చడం మంచి పని అని, అయితే వ్యాధిని గుర్తించడానికి దానిని పరీక్షించడంలో అగౌరవమేమీ లేదని ఆయన చెప్పిన సారాంశం. ఆసుపత్రి వారు నిబంధన ప్రకారం దానిని తమ వద్దనే ఉంచుకుంటే కుటుంబం మీద దోషం లేదని కూడా ఆయన అన్నారు. శరీరం మన సొత్తు కాదు, అమానతు. అమానతును కాపాడుకోవడానికి దాని గురించి తెలుసుకోవడం దానిలో భాగమే కదా అని ఆయన అడిగితే అబ్బాజాన్ తల ఊపారు. మంచిమాట వింటే కాదనే మనిషి కాదు ఆయన.

ఇక మా రెండవ పొరపాటు. అమ్మీ మూడో రోజున ఇంటికి వచ్చింది. కుట్లు విప్పారు. తిండి తింటున్నది, తిరుగుతున్నది. బంధువులు రాళ్ళ సీసాను చూసి వెళ్తున్నారు. వారంలో రిపోర్టు ఇస్తామన్న ల్యాబు సంగతి ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు. ఒకరు తెచ్చి ఉంటారని ఒకరు అనుకున్నాము. పదకొండో రోజున ల్యాబు నుండి డాక్టరమ్మే ఫోన్ చేసింది. "రిపోర్టు తీసుకోవడానికి ఎందుకు రాలేదు? ఒకసారి రండి. పేషెంటును తీసుకురావద్దు, మీరు రండి" అన్నది. ఆ మాటతోనే కాళ్ళలో సత్తువ పోయింది.

మా సొరుగులాగే ఆమె సొరుగులోనూ ఎందరో తీసుకోకుండా వదిలివేసిన కవర్లు ఉన్నాయట. "తొంభై తొమ్మిది మందికి ఏమీ ఉండదు. ఆ ఒక్కరి కోసమే అందరిదీ చూస్తాను. తీరా చూశాక ఆ ఒక్కరే రాకపోతే ఏం చేయను?" అన్నది ఆమె. పిత్తాశయపు రాళ్ళకని తీసిన తిత్తులలో ఎవరూ ఊహించని కేన్సర్ బయటపడేది నూటికి ఒకరికి అటూ ఇటూ, చాలా చోట్ల అంతకంటే తక్కువ. గంగానది మైదానమైన ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలలో ఈ కేన్సర్ ఎక్కువ, మన దక్షిణాదిలో తక్కువ. పురుషులకంటే స్త్రీలకే అధికం. కొన్ని దేశాలలో, కంటికి అనుమానం కలిగిన తిత్తులను మాత్రమే పరీక్షిస్తే చాలునని వాదించే వైద్యులూ ఉన్నారు. ఖర్చూ శ్రమా మిగులుతాయన్నది వారి మాట. అయితే కంటికి మామూలుగా తోచిన తిత్తిలోనూ ఒక్కోసారి దోషం ఉంటుంది. అమ్మీది అలాంటిదే. పళ్ళెంలో చూసి మేము 'అల్‌హమ్దులిల్లాహ్' అనుకున్న ఆ తిత్తి అడుగున, గోరంత మేర కేన్సర్ ఉన్నది.

పిత్తాశయపు గోడ చాలా పలుచనిది. లోపలి పొర, దాని వెనుక కండర పొర, ఆ వెనుక కొంచెం కణజాలం, అంతే, కాలేయం తగులుతుంది. వ్యాధి లోపలి పొర దాటకపోతే తిత్తిని తీసివేయడమే చాలును. మరే చికిత్సా అక్కరలేదు. కండర పొరలోకి దిగితే మాత్రం, దానిని ఆనుకొని ఉన్న కాలేయపు భాగాన్నీ, చుట్టుపక్కల లింఫు గ్రంథులనూ మరొక ఆపరేషన్‌లో తీయడం మేలని వైద్యులు చెబుతారు. రెండింటి మధ్య దూరం మిల్లీమీటరు కూడా ఉండదు. కంటికి కనబడని ఆ దూరమే ఒక మనిషికి ఇంటికి పో అని, మరొకరికి మళ్ళీ రా అని చెబుతుంది. అమ్మీకి అది కండర పొరలోకి దిగింది. నాళాన్ని కోసిన చివర మాత్రం శుభ్రంగా ఉన్నదని రాసి ఉన్నది. ఆ ఒక్క వాక్యాన్ని మేము ఎన్నిసార్లు చదువుకున్నామో లెక్కలేదు.

మూడవ పొరపాటు, అన్నిటికంటే పెద్దది, ఇప్పుడు చేశాము. అమ్మీకి చెప్పలేదు. చెబితే భయంతోనే సగమైపోతుందని ముగ్గురమూ నిశ్చయించుకున్నాము. మూడు రోజులు ఆమె ఎదుట నవ్వుతూ, వంటింట్లో ఏడుస్తూ గడిపాము. నాలుగో రోజు ఫజర్ నమాజు తరువాత ఆమె ముసల్లా మీదనే కూర్చొని మమ్మల్ని పిలిచింది. "బేటా, మీ ఖాలా చనిపోయే ముందు మీ ముఖాలు ఇలాగే ఉండేవి. అది నా కడుపులోనుంచి తీసినది. దాంట్లో ఏముందో ఊరంతటికీ తెలిసి, నాకు తెలియకూడదా?" అని అడిగింది.

మేము తలలు వంచుకొని కవరును ఆమె చేతిలో పెట్టాము. ఆమె చదువుకోలేదు. ఆ కాగితాన్ని కాసేపు అలాగే పట్టుకొని, "చదివి వినిపించండి, ఒక్క ముక్కా వదలొద్దు" అన్నది. చదివాము. నాళం చివర శుభ్రంగా ఉన్నదన్న వాక్యం వచ్చినప్పుడు "ఇది మళ్ళీ చదవండి" అన్నది. ఆపైన ఆమె మొదట అడిగిన మాట, "మీ అబ్బాకు తెలుసా?" తెలుసునన్నాము. "పాపం, ఆయన ఎలా నిద్రపోయాడు మూడు రాత్రులు!" అని లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆమెను కాపాడుతున్నామనుకొని మేము చేసినదల్లా, ఆమె తన భర్తను ఓదార్చే హక్కును, తన ప్రభువును తన కష్టం చెప్పి వేడుకొనే హక్కును మూడు రోజులపాటు లాక్కోవడమే.

హైదరాబాద్‌లో రెండవ ఆపరేషన్ నెల తిరగకముందే జరిగింది. అక్కడి సర్జన్ గారు మొదట అడిగినది ఆ రిపోర్టునే, తరువాత అడిగినది మైనపు దిమ్మలను. ల్యాబువారు వాటిని ఏళ్ళ తరబడి భద్రపరుస్తారని, అడిగితే మరొక నిపుణుడి పరిశీలనకు ఇస్తారని అప్పుడు తెలిసింది. ఆ దిమ్మలను తీసుకొని బస్సులో వెళ్తున్నప్పుడు మాకు ఖాలాజాన్ గుర్తుకు వచ్చింది. ఆమెకు సంబంధించి అలాంటిదేదీ ఈ లోకంలో మిగలలేదు.

ఈసారి తీసిన కాలేయపు ముక్కలోనూ గ్రంథులలోనూ వ్యాధి లేదని రిపోర్టు వచ్చింది. ఈసారి దానిని తెచ్చుకోవడం ఎవరూ మరచిపోలేదు. మొదట చదివినది అమ్మీ సమక్షంలోనే. అప్పటికి ఇప్పటికి మూడేళ్ళు గడిచాయి. ఆరు నెలలకొకసారి స్కానింగ్‌కు వెళ్తున్నాము. రేపటి సంగతి అల్లాహ్‌కే తెలుసు. ఈ రంజాన్‌కు మాత్రం షీర్ ఖుర్మా అమ్మీయే వండింది.

సోదర సోదరీమణులారా, మన ఇళ్ళలో ఎవరికైనా పిత్తాశయం తీసే ఆపరేషన్ జరగవలసి ఉంటే మా అనుభవాన్ని గుర్తు చేసుకోవలసిందిగా మనవి. తీసిన తిత్తిని పరీక్షకు పంపుతారా అని ఆపరేషన్‌కు ముందే అడగండి. కంగారులో ఉన్నప్పుడు థియేటర్ తలుపు దగ్గర నిర్ణయించుకోవలసిన విషయం కాదది. మీ చేతికే డబ్బా ఇస్తే అందులో పోసినది ఫార్మలినేనా అని అడిగి, పేషెంటు పేరు దాని మీద రాసి ఉన్నదో లేదో చూసుకొని, ఆలస్యం చేయకుండా ల్యాబుకు చేర్చండి. రిపోర్టు ఎవరు తేవాలో ఒకరి పేరు నిర్ణయించుకోండి. తెచ్చి బీరువాలో పెట్టకుండా సర్జన్‌కు చూపించండి. ఆ కాగితం ఎవరి శరీరం గురించినదో వారికి దానిలో ఉన్నది చెప్పండి. ఏ వ్యాధికైనా దానికి తగిన చికిత్సను సృష్టించినవాడు అల్లాహ్ అని దైవప్రవక్త (స) మనకు బోధించారు. ఆ చికిత్స దాకా నడిచి వెళ్ళడం మన వంతు.

అలమరలో ఆ రాళ్ళ సీసా ఇంకా అక్కడే ఉన్నది. అయితే ఇప్పుడు దాని పక్కన ఒక ఫైలు ఉన్నది. బంధువులు వచ్చినప్పుడు అమ్మీ సీసాను చూపించదు. ఫైలును తీసి, "మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయిందా? కాగితం ఉందా?" అని అడుగుతుంది. లేదన్నవారిని చూసి కాసేపు మౌనంగా ఉండి, తన అక్క కోసం దుఆ చేస్తుంది. మీరూ ఆమె కోసం ఒకసారి దుఆ చేయండి.